కొత్త గొంతు చూసిన మనిషి

టైపు మాస్టారి ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళున్నారని ఆ భవనంలో అందరూ సరదాగా చెప్పుకునేవారు. ఒకరు కట్టుకున్న భార్య. రెండోది కంప్యూటర్లోంచి వచ్చే గొంతు. మాస్టారికి పుట్టుకతోనే చూపు లేదు. తెర మీద ఉన్నదంతా ఆ గొంతు చదివి వినిపిస్తే ఆయన చకచకా పని చేసుకునేవాడు. మీటింగుల్లో జనం మాట్లాడుకున్న రికార్డింగులు విని, వాటిని అక్షరాల్లోకి ఎక్కించి కంపెనీకి పంపడం ఆయన ఉద్యోగం. ఒకప్పుడు టైపు నేర్పేవాడు కాబట్టి మాస్టారన్న పిలుపు అలా అతుక్కుపోయింది.

ఆ గొంతుని భార్య "నా సవతి" అనేది. "పొద్దున్న లేస్తే దాని ముందే కూర్చుంటారు. నాతో పొడిపొడిగా రెండు ముక్కలు, దాంతో గంటల తరబడి కబుర్లు" అని మూతి తిప్పేది. తిప్పిన సంగతి కూడా తనే చెప్పేది, ఆయనకి కనపడదు కాబట్టి.

ఆ సవతిని మాస్టారు ఎంత వేగంగా మాట్లాడించేవాడంటే, పక్కనున్నవాళ్ళకి పేలాలు వేగుతున్నట్టు చిటపటలు తప్ప ఒక్క మాట తెలిసేది కాదు. కళ్ళున్నవాళ్ళు పేజీ మీద చూపు పరిగెత్తించినట్టు ఆయన చెవిని పరిగెత్తించేవాడు. ఏళ్ళ అలవాటు. ఇందులో ఒక సుఖం కూడా ఉంది. ఆఫీసువాళ్ళు పెట్టిన చీవాట్లు భార్య ఎదురుగానే గట్టిగా చదివించుకున్నా ఆవిడకి అంతుపట్టేది కాదు.

"ఏమంటోందండీ నా సవతి?"

"నువ్వు పెట్టిన కాఫీలో పంచదార తక్కువైందట."

"దాని నోరు పడిపోను" అని నవ్వుతూ వెళ్ళిపోయేది.

మాస్టారికి భార్య అంటే ప్రాణం. ఆవిడే ఆయన కళ్ళు. మెట్లు తడిగా ఉన్నాయో లేదో, ఎదుటి మనిషి నవ్వుతున్నాడో ముఖం మాడ్చుకున్నాడో, వేసుకున్న చొక్కా మీద మరక ఉందో లేదో, అన్నీ ఆవిడ నోటి ద్వారానే. ఆవిడ ఎలా చెబితే లోకం అలా ఉండేది. కానీ ఒకసారి మెట్ల దగ్గర ఎవరో గుసగుసగా అన్న మాట ఆయన చెవిలో ముల్లులా దిగబడిపోయింది. "చక్కని చుక్కలాంటి పిల్ల. ఏం చూసి చేసుకుందో పాపం!" ఆవిడ ఎప్పటికైనా తనని వదిలేసి పోతుందన్న భయం మాస్టారికి ఆ రోజు నుంచీ ఉంది. పైకి ఎన్నడూ అనలేదు. మంచివాళ్ళకి అనుమానం రాకూడదని రూలేమీ లేదు కదా!

ఇలా ఉండగా కంపెనీ నుంచి కబురొచ్చింది. పాత వెర్షన్ సాఫ్ట్‌వేర్ మీద నడిచే కంప్యూటర్లకి ఇక పని పంపరట. కొత్తది ఎక్కించుకోవాలి, లేదంటే ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి. మాస్టారికి ఇంకో ఉద్యోగం ఎవడిస్తాడు? ఆదివారం మధ్యాహ్నం బావమరిదిని పిలిపించారు. అతనికి కంప్యూటర్లు బాగుచేసే షాపుంది. వస్తూనే కుర్చీ లాక్కుని, తెర వంక చూసి పెదవి విరిచాడు.

"బావగారూ, మీ పెట్టె ముసలిదైపోయింది. అయినా ఎక్కుతుందిలెండి. ఒకటే ఇబ్బంది. ఎక్కుతున్నంతసేపూ గొంతు పలకదు. మీరు కంగారుపడి ఏ కీ నొక్కకండి."

"నా ఫైళ్ళు పోవుగా?"

"ఉన్నవన్నీ ఉంచమనే పెట్టాను. ఇందులో ఏముందో అన్నీ అలాగే ఉంటాయి. ఒక్కటీ ఎక్కడికీ పోదు."

మొదలుపెట్టి, షాపు నుంచి ఫోనొస్తే మాట్లాడుకుంటూ బాల్కనీలోకి వెళ్ళాడు. భార్య పాలకని కిందికి దిగింది. మాస్టారు ఒక్కడే మిగిలాడు, నోరు మూసుకున్న కంప్యూటర్ ముందు. ఇన్నేళ్ళలో ఆ కుర్చీలో ఆయన నిశ్శబ్దంగా కూర్చున్నది లేదు. లోపలి ఫ్యాను గురక పెడుతోంది. వేడెక్కిన దుమ్ము వాసన. వంటింట్లో కుళాయి చుక్కచుక్కగా కారుతోంది. ఇంత చప్పుడు చేసే ఇల్లా ఇది అనుకున్నాడు.

అప్పుడు ముఖం మీది గాలి ఆగింది.

చూపు లేనివాళ్ళకి ఇది బాగా తెలుసు. ఎదురుగా ఖాళీ ఉందో, గోడ ఉందో, మనిషున్నాడో చర్మం చెప్పేస్తుంది. ఎవరో వచ్చి వంగి ఆయన ముఖంలోకి చూస్తున్నట్టుంది.

"ఏమోయ్, అయిపోయిందా?" అన్నాడు మాస్టారు.

"నేనిక్కడున్నాను బావగారూ!" అని బాల్కనీలోంచి కేక వినిపించింది. గాలి మళ్ళీ తగిలింది. కిటికీ రెక్క అడ్డంగా తిరిగి ఉంటుందిలే అనుకుని ఆయన సర్దుకున్నాడు.

పొద్దు వాలుతుండగా కొత్త వెర్షన్ లేచి కూర్చుంది. "స్వాగతం" అంది. పాత సవతి రేకుడబ్బా గొంతు పోయి, తేనె పూసినట్టు కొత్తది వచ్చింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కూడా తీసుకుంటోంది.

"ఓయమ్మో, నా సవతి పడుచుదైందే!" అని భార్య పకపకా నవ్వింది.

"ఇంకా ఉంది అక్కా, ఆగు" అంటూ బావమరిది తెర పైన చిన్న కెమెరా బిగించాడు. "బావగారూ, ఇక ఈ కీ నొక్కితే కెమెరాకి కనిపించేదంతా మీకు చెబుతుంది. ఇందులో వీడియోలో మాట్లాడినా అంతే, అవతలివైపు ఏముందో చెబుతుంది. మీలాంటివాళ్ళ కోసమే పెట్టారు. నొక్కండి."

మాస్టారు నొక్కాడు.

"ఒక గది. కుర్చీలో పురుషుడు. పక్కన స్త్రీ, నవ్వుతోంది. నిలబడి ఇద్దరు పురుషులు."

ముగ్గురూ ఒక్కసారి ఆగారు. బావమరిది చుట్టూ చూసి ఫక్కున నవ్వాడు. "వంటింటి గుమ్మానికి మీ చొక్కా వేలాడుతోంది. దాన్ని కూడా మనిషి కింద జమకట్టింది. కొత్త కదా, తడబడుతుంది." చొక్కా తీసి మంచం మీద పడేసి మళ్ళీ నొక్కమన్నాడు. ఈసారి మనుషులు సరిపోయారు. కాఫీ తాగి, చినుకులు పడుతుంటే అక్క గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

మొదటి రెండు రోజులూ మాస్టారికి పండగే. గొంతుని తన పాత వేగానికి పెంచుకున్నాడు. పని మధ్యలో ఊరికే ఆ కీ నొక్కేవాడు. "స్త్రీ గుమ్మం దగ్గర నిలబడింది. పురుషుణ్ణి చూసి నవ్వుతోంది" అని చిటపటల్లో వినిపించేది. ఆయన పొంగిపోయాడు. తను పని చేసుకుంటుంటే ఆవిడ అలా నిలబడి, ఏమీ మాట్లాడకుండా, తనని చూసి నవ్వుకుంటుందని ఇన్నేళ్ళూ ఎవరు చెప్పారు? ఆవిడ చెప్పలేదు. అలాంటివి ఎవరూ నోటితో చెప్పుకోరు.

"ఏమంటోందండీ?"

"నువ్వు బాగున్నావట" అన్నాడు. ఆవిడ సిగ్గుపడి లోపలికి పోయింది.

మూడో రోజు గొంతు అంది, "గుమ్మం దగ్గర స్త్రీ. ఆమె వెనక పురుషుడు."

చొక్కా అనుకున్నాడు. లేచి వెళ్ళి గుమ్మం తడిమాడు. మేకు తగిలింది. దానికి ఏమీ లేదు.

"ఏం కావాలండీ?" అంది భార్య.

"ఏం లేదు. ఎవరైనా వచ్చారా?"

"ఎవరొస్తారు? నా సవతీ నేనూ తప్ప ఈ ఇంటికి దిక్కెవరు?"

నవ్వుతూనే అంది. అంతకుముందైతే ఆయనా నవ్వేవాడు. ఆ రోజు ఆ నవ్వులో ఏదో దాచినట్టు తోచింది. వెళ్ళి కూర్చుని మళ్ళీ నొక్కాడు. "స్త్రీ కూరగాయలు తరుగుతోంది. పురుషుడు స్త్రీ భుజం మీద చెయ్యి వేశాడు."

కత్తి చప్పుడు టకటకా సాగుతూనే ఉంది. ఒక్క క్షణం కూడా తడబడలేదు. భుజం మీద పరాయివాడి చెయ్యి పడితే ఆడది అలా తాపీగా తరుగుతుందా? అలవాటైన చెయ్యి అయితే తరుగుతుంది.

"ఏమంటోంది?" అంది ఆవిడ లోపలి నుంచి.

"ఆఫీసు పని" అన్నాడు.

అదే నెమ్మదిగా మాట్లాడే గొంతైతే ఆవిడా విని ఉండేది. విని వెనక్కి తిరిగి చూసి ఉండేది. ఎవరూ కనపడక కెవ్వుమని ఉండేది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఆ పూటే ఇల్లు వదిలేసి ఉండేవారు. కానీ ఆవిడకి చిటపటలు తప్ప ఏమీ తెలియలేదు. ఆయన తెలియనివ్వలేదు.

అప్పటి నుంచి మాస్టారు పని మానేసి వినడం మొదలుపెట్టాడు. నొక్కడం, వినడం, పళ్ళు కొరకడం. వాడు ఆవిడ కూర్చుంటే పక్కన నిలబడతాడు. ఆవిడ నడిస్తే వెనక నడుస్తాడు. అడుగుల చప్పుడు మాత్రం ఒక్క జత, ఆవిడ చెప్పులదే. చెప్పులు విప్పి తిరుగుతున్నాడు వెధవ అనుకున్నాడు. ఊపిరి వినపడదు. గుడ్డివాడి ఇంట్లో దాక్కోవాల్సిన పనేముంది? నోరు మూసుకుంటే చాలు. ఈ ఆలోచన వచ్చాక ఆయన అన్నం సరిగ్గా తినలేదు. ఆవిడ ఆయన నుదుటి మీద చెయ్యి వేసి జ్వరమేమో చూడబోతే విసిరికొట్టాడు. దెబ్బ ఆవిడ ముక్కుకి తగిలింది. ఆవిడ ఏమీ అనలేదు. అది కూడా తప్పు చేసిన మనిషి లక్షణంలాగే కనిపించింది ఆయనకి.

వాన పట్టిన ఒక సాయంత్రం ఆవిడ ఆరిన బట్టలు మడత పెడుతోంది. ఆయన కీ నొక్కాడు.

"స్త్రీ బట్టలు మడతపెడుతోంది. వెనక పురుషుడు. పురుషుడి ముఖం స్త్రీ జుట్టుకి ఆని ఉంది."

మళ్ళీ నొక్కాడు.

"పురుషుడి కళ్ళు మూసి ఉన్నాయి. పెదవులు స్త్రీ మెడ మీద ఉన్నాయి."

"ఎవడు వాడు?" అన్నాడు మాస్టారు.

బట్టల చప్పుడు ఆగింది. "ఎవరండీ?"

"నీ వెనక."

"నా వెనక గోడ ఉంది."

"గోడ ముద్దు పెట్టుకుంటుందా? నువ్వే విను." వేగం పూర్తిగా తగ్గించి కీ నొక్కాడు. తేనె పూసిన గొంతు, ఊపిరి తీసుకుంటూ, ఒక్కో మాటా చెప్పింది.

"ఒక స్త్రీ... భయపడుతోంది. ఆమె వెనక... ఒక పురుషుడు... ఆమె మీదికి వంగి ఉన్నాడు."

చెప్పులు టపటపమంటూ పరిగెత్తుకొచ్చి, ఆవిడ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఎవరూ లేరండీ... ఒట్టు... నాకు గోడ ఒక్కటే కనిపిస్తోంది..." గుసగుసగా అంటోంది, ఎవరో వింటారన్నట్టు. "ఈ పాడు వెర్షన్ తీసేయించండి. నా పాత సవతే నయం."

"ఇన్నాళ్ళకి నాకు కళ్ళొస్తే పీకేయమంటావా?"

"తమ్ముణ్ణి అడగండి... ఆ రోజు వాడూ ఉన్నాడుగా..."

"నీ తమ్ముడేగా. వాడు నీ పాట పాడక నా పాట పాడతాడా? మంచి ఇల్లే చూసుకున్నారు నువ్వూ, నీ వెనక నిలబడేవాడూ. ఇంటాయన గుడ్డివాడు. లైటు కూడా ఆర్పక్కర్లేదు."

ఆవిడ చెయ్యి జారిపోయింది. అంత మాట ఆయన ఎన్నడూ అనలేదు. అన్నాక ఆయనకే నోరు చేదుగా అయింది, కానీ రోషం వెనక్కి తగ్గనివ్వలేదు. తగ్గితే తను వెర్రివాడవుతాడు.

"సరే. నన్నేమన్నా అనండి" అంది ఆవిడ ఏడుస్తూ. "కానీ ఈ ఇంట్లో వద్దండీ. అమ్మ దగ్గరికి వెళ్దాం పదండి. మీరూ రండి. నేనొక్కదాన్నే ఆ మెట్లు దిగలేను... భయమేస్తోంది..."

"ఒక్కదానివేమిటి? తోడున్నాడుగా!"

తలుపు గడియ తీసిన చప్పుడైంది. ఆయన కీ నొక్కాడు. "తలుపు దగ్గర స్త్రీ. తలుపు దగ్గర పురుషుడు." మళ్ళీ నొక్కాడు. "తెరిచిన తలుపు. కుర్చీలో ఒక పురుషుడు." అది తనే.

అదిగో, ఆవిడతోనే పోయాడు! గెలిచానన్న పొగరుతో లేచి తలుపు దగ్గరికి వెళ్ళి చెవి పెట్టాడు. మెట్ల మీద ఒక్క జత చెప్పులు. ఒక్కొక్క మెట్టు దగ్గరా ఆగి, దిగి, ఆగి... రెండో మనిషి పాదం ఎక్కడా లేదు. పిల్లి నడిచినా పట్టేసే చెవులవి. అవి చెప్పింది మాస్టారు వినిపించుకోలేదు. తలుపు వేసి గడియ పెట్టాడు.

మర్నాడు పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు, చెప్పేవాళ్ళు లేక. గంటగంటకీ కీ నొక్కి చూశాడు. కుర్చీలో ఒక పురుషుడు, అంతే. ఇల్లు శుభ్రంగా ఉంది. మధ్యాహ్నానికి ఆయనకి తెలిసొచ్చింది, తనకి కావాల్సింది శుభ్రమైన ఇల్లు కాదని. ఫోను చెయ్యాలని చెయ్యి వెళ్ళేది, మళ్ళీ వెనక్కి వచ్చేది.

సాయంత్రం ఆవిడే చేసింది. వీడియో. కంప్యూటర్లోంచి ఆవిడ గొంతు వచ్చేసరికి మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"మీ ఎదురుగా ఏడవదల్చుకోలేదు" అంది. "మీకు నా మాట మీద నమ్మకం లేదు. నా సవతి మాట మీద ఉందిగా? దానికే చూపిస్తాను. అమ్మావాళ్ళ ఇల్లు మూలమూలా చూపిస్తాను. ఎవడున్నాడో దాన్నే చెప్పమనండి. నెమ్మదిగా పెట్టండి, నేనూ వింటాను."

ఆయన కీ నొక్కాడు. వేగం నిన్న తగ్గించినట్టే ఉంది.

"ఒక మంచం. మడత పెట్టిన దుప్పటి. కిటికీ. ఒక బీరువా. కుర్చీలో ముసలి స్త్రీ."

"మా అమ్మ" అంది ఆవిడ. "ఇంకా?"

"గోడ. తలుపు వెనక చీపురు. మనుషులు లేరు."

మంచం కింద చూపించింది. బీరువా తెరిచి చూపించింది. వంటగది, స్నానాలగది, ఆఖరికి మెట్లు. మనుషులు లేరు, మనుషులు లేరు అంటూ పోయింది గొంతు. మాస్టారి మెడలో పట్టేసిన నరమేదో వదిలింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆ కళ్ళకి వచ్చిన పని అదొక్కటే.

"వచ్చెయ్" అన్నాడు. "నాది తప్పు. పొద్దున్నే మీ తమ్ముణ్ణి పిలిచి ఇది పీకించేస్తాను. నువ్వు ఏది చెబితే అదే నాకు. ఇంటికి వచ్చెయ్."

అవతల ఆవిడ ముక్కు చీదుకుంది. నవ్వింది కూడా, ఏడుపులోనే. "ఆగండి. నన్నొక్కదాన్నే చూపించలేదుగా. అది కూడా అయిపోనివ్వండి." ఫోను తన వైపు తిప్పుకుంది.

తేనె పూసిన గొంతు ఊపిరి తీసుకుంది.

"ఒక స్త్రీ. ఆమె వెనక... ఒక పురుషుడు. పురుషుడి రెండు చేతులు... స్త్రీ కళ్ళ మీద ఉన్నాయి."

"అయ్యో" అంది భార్య. "కరెంటు పోయిందండీ. ఏమంది అది? సరిగ్గా వినలేదు."

మాస్టారు రెండు చేతులతో బల్ల పట్టుకున్నాడు.

"అమ్మా! కొవ్వొత్తి ఎక్కడుందే?"

"కరెంటు పోవడమేమిటే?" అంది వెనకనుంచి అత్తగారి గొంతు. "లైటు వెలుగుతూనే ఉందిగా. అలా తడుముకుంటావేం... అమ్మాయ్... ఇటు చూడు... ఇటే..."

"ఎటమ్మా?"

ఫోను నేల మీద పడ్డ చప్పుడు. తర్వాత ఆవిడ గొంతు, బాగా చిన్నదైపోయి, "ఏమండీ... మీరు మాట్లాడుతూ ఉండండి... ఎటు తిరిగి ఉన్నానో తెలియడం లేదు..."

"వదలరా!" అని అరిచాడు మాస్టారు తెర మీదికి వంగి. "వదులు దాన్ని! చేతులు తియ్యరా!"

"ఎవర్నండీ...?"

ఆయన వేళ్ళు కీ కోసం వెతుక్కున్నాయి. దొరికే లోపలే, ఎవరూ నొక్కకుండానే, గొంతు చెప్పింది.

"పురుషుడు కెమెరా వైపు తిరిగాడు. పెదవులు కదులుతున్నాయి."

మాస్టారు ఊపిరి బిగబట్టి, స్పీకరుకి చెవి ఆనించి విన్నాడు. అత్తగారి ఏడుపు వినిపిస్తోంది. భార్య పిలుపు వినిపిస్తోంది. వాడిది ఏమీ వినపడలేదు.

"ఇంకా మాట్లాడుతున్నాడు" అంది గొంతు.